కింద నిలబడే మనిషి

“గాలి ఉత్తరం నుంచి తిరిగితే ఏం చేస్తావే?” అని అడిగాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. కిటికీ అవతల గోధుమ చేలు కదలడం లేదు. తీగ మీద ఆరేసిన పాప బట్టలూ కదలడం లేదు. నేను ద్రాక్షపళ్ళు ఒక్కొక్కటీ నాలుగు ముక్కలు చేస్తున్నాను. రెండు ముక్కలు చేస్తే చాలని క్లినిక్‌లో నర్సు చెప్పింది గానీ, ఆవిడ పిల్లకి కాదుగా గొంతులో అడ్డం పడేది. మా అమ్మాయి టారిన్ బల్ల దగ్గర కూర్చుని తన పాప హెటీకి పాలిస్తూ, ఒక చేత్తోనే బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది.

క్రేను దిగిపోతానంది. దిగేలోపల గాలి అందుకుంటేనో అన్నాను. దిగేలోపల నువ్వు కింద ఉంటావు కదమ్మా అంది, తల ఎత్తకుండానే. మా ఆయన రాస్ పేపరు చాటునుంచి, మీ అమ్మ కింద నిలబడితే గాలి కూడా ఇటు రావడానికి జడుస్తుందిలే అన్నాడు. తను వేసిన జోకుకి తనే నవ్వుకుని, ఖాళీ కప్పు నా వైపు జరిపాడు. నేను టీ పోశాను. అలా జరిపిన కప్పులో పోయకుండా ఉండటం నాకు ఈ ఇంట్లో ఎప్పుడూ తెలియలేదు.

నాకు భయం ఎక్కువ. ఆ మాట దాచుకోను. అందరికీ తెలిసిందే. మా అత్తగారు ఐవీ బతికున్న రోజుల్లో నన్ను పక్కన పెట్టుకుని మరీ చెప్పేది వచ్చినవాళ్ళకి, “మా కోడలు పిడుగు పడకముందే చెవులు మూసుకునే రకం” అని. చివరి రోజుల్లో ఆవిడ మంచం పట్టినప్పుడు, పక్క తడిసిందేమో, మందు మింగిందో లేదో, ఊపిరి ఆడుతోందో లేదో అని గంటగంటకీ లేచి చూసింది ఈ భయమే. అప్పుడు మాత్రం దాన్ని ఎవరూ భయం అనలేదు. ఏమీ అనలేదు. దానికి పేరు లేదు. రాస్ క్లబ్బులో నన్ను గురించి చెప్పే కథలు నాకు అన్నీ తెలుసు. ఎండాకాలంలో గొడుగు పట్టుకుని నడిచానని, కారులో రెండు స్పేరు టైర్లు పెట్టించానని. ఆ రెండో టైరే ఒకసారి అతన్ని నడి అడివిలోంచి ఇంటికి చేర్చింది. ఆ కథ మాత్రం క్లబ్బులో చెప్పడు.

మా ఊరు మెరినూక్. రైలు పట్టాల పక్కన ధాన్యం నిలవచేసే మూడు కాంక్రీటు సైలోలు ఉంటాయి. ఎటునుంచి వచ్చినా ఊరికంటే ముందు అవే కనిపిస్తాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకదాని తర్వాత ఒకటి తమ సైలోల మీద బొమ్మలు వేయించుకున్నాయి. బొమ్మలు చూడటానికి జనం వ్యాన్లేసుకుని వస్తారు, వస్తే బేకరీ బతుకుతుంది, పబ్బు బతుకుతుంది. మన ఊరే ఎందుకు వెనకబడాలని గ్రేమ్ ప్రూయిట్ కమిటీ వేశాడు. గ్రేమ్ ఒకప్పుడు ఫుట్‌బాల్ జట్టు కెప్టెను, ఇప్పుడు ఊళ్ళో ఏ కమిటీ వేసినా దానికి ప్రెసిడెంటు. మా రాస్ దాంట్లో కార్యదర్శి. బొమ్మ ఎవరు వేయాలనే మాట వచ్చినప్పుడు రాస్ మా అమ్మాయి పేరు చెప్పలేదు. వేరే ఎవరో చెప్పారు. ఇంటికొచ్చి, “మన టారిన్‌నే అడుగుతున్నారు, చిన్నదాన్నేసుకుని ఎక్కగలదా?” అన్నాడు, పొలంలో ట్రాక్టరు ఎక్కగలదా అన్నట్టు.

టారిన్ ఎక్కడ ఎక్కలేదు గనక. దానికి నాలుగేళ్ళప్పుడే గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డు గోడనిండా బొగ్గుతో కుక్కలు వేసింది. మామగారు లెస్ ఆ గోడకి సున్నం కొట్టించాడు. బడిలో ఒక టీచరమ్మ దీన్ని మెల్‌బోర్న్ పంపండి అంది. రంగులు పూస్తే ఎవరు అన్నం పెడతారని రాస్ అడిగాడు. నేనూ అడిగాను. కాకపోతే నేను అడిగింది వేరు. అక్కడ గది తలుపుకి లోపల గడియ ఉందా, రాత్రి ఆఖరి ట్రాములో ఎవరైనా ఉంటారా అని. నేను పదో తరగతితో ఆపేసి గొర్రెల షెడ్డులో వంటకి వెళ్ళినదాన్ని. కాలేజీ సంగతులు నాకేం తెలుసు, గడియ సంగతి తెలుసు. అది వెళ్ళింది. పగలు కాఫీ కప్పులు కడిగింది, రాత్రి బొమ్మలు వేసింది. సందుల్లో గోడల మీద వేసింది, రైలు వంతెనల కింద వేసింది. చిన్న గ్యాలరీల్లో నాలుగైదుసార్లు పెట్టింది, వెళ్ళి చూస్తే వైను తాగే జనమే తప్ప బొమ్మలు చూసేవాళ్ళు నాకు కనబడలేదు. తర్వాత ఒక పట్నం మ్యూజియం వాళ్ళు దాని బొమ్మ ఒకటి కొన్నారు. రేవులో పెద్ద గోడ ఇచ్చారు. పేపర్లో పడింది. ఆ పేపరు ముక్క రాస్ పర్సులో పెట్టుకున్నాడని నేను అతని ప్యాంటు ఉతికేటప్పుడు తెలిసింది.

తర్వాత హెటీ పుట్టింది. పిల్ల పుట్టాక ఫోన్లు తగ్గాయి. చేస్తే, ఇంకా పని చేస్తున్నావా అని అడగడానికే చేసేవాళ్ళు. దాని మొగుడు లాక్లన్ మంచివాడే, పడమట గనుల్లో పని. రెండు వారాలు అక్కడా వారం ఇక్కడా. అతన్ని మాత్రం ఎవరూ ఫోన్ చేసి, బిడ్డ పుట్టాక ఇంకా గనికి వెళ్తున్నావా అని అడగలేదు. అందుకే మెరినూక్ సైలోలు అనగానే టారిన్ ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. పాపని కారులో వేసుకుని వచ్చేసింది. “ఇది బాగా వస్తే అడిలైడ్‌లో పెద్దది ఇస్తామన్నారమ్మా. ఇది పోతే ఇంకోటి రాదు,” అని గిన్నెలు తుడుస్తూ చెప్పింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బొమ్మ పోతుందేమోనని కాదు, బొమ్మ బాగా రావాలంటే అది ఎంత ఎత్తు ఎక్కాలో అనుకుని.

మనిషిని పైకెత్తే క్రేను ఉంటుంది. దాని చివర బుట్ట, బుట్టలో మనిషి. ఆ బుట్టలో ఎవరైనా ఉన్నంతసేపూ కింద ఒక మనిషి నిలబడాలని రూలు. గాలి చూడాలి, లారీలు చూడాలి, పైన వాళ్ళకి ఏమైనా అయితే మీటలు నొక్కి దింపాలి. దాన్నే కింద మనిషి అంటారు. ఆ పని ఎవరు చేస్తారని కమిటీలో అడిగితే గ్రేమ్, “నోలీ ఎలాగూ ఖాళీయే కదా, కూతురి పక్కనే ఉన్నట్టు ఉంటుంది” అన్నాడట. రాస్ సరేనన్నాడట. నన్ను అడగడం ఇద్దరికీ గుర్తు రాలేదు. పొద్దున్నే బడి తుడవాలి, అదే నాకు జీతం వచ్చే పని. తర్వాత పాప. శనివారం క్రికెట్ వాళ్ళకి టీ, స్కోన్ రొట్టెలు. మిగిలిన టైము నేను ఖాళీ. ఖాళీ అనే మాట మగవాళ్ళ నోట్లో ఎంత తేలిగ్గా తిరుగుతుందో.

ఒక రోజంతా నాకు ఆ మీటలు ఎలా నొక్కాలో నేర్పారు. సర్టిఫికెట్టు ఇచ్చారు. నా పేరు మీద వచ్చిన కాగితాల్లో పెళ్ళిదీ పుట్టుకదీ కాక ఇది మూడోది. ఆరెంజి రంగు కోటు, తలకి టోపీ, మెడలో ఈల, పక్కన నీడలో పాప తోపుడుబండి. గాలి కొలిచే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు గానీ నాకది అక్కర్లేదు. గాలి ఎప్పుడు వస్తుందో దానికంటే ముందు గలా పక్షులకి తెలుస్తుంది, సైలో పైన బారులుగా కూర్చున్న గులాబిరంగు చిలకలన్నీ ఒక్కసారి ముఖం ఒకే వైపు తిప్పుతాయి. వాటి తర్వాత నాకు తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా తీగ మీద బట్టలు ఆరేసి తీసేదాన్ని, నాకు కాక ఎవరికి తెలుస్తుంది. మొదటి వారంలోనే రెండుసార్లు ఈల వేసి దింపాను. రెండుసార్లూ అది దిగిన కాసేపటికే దుమ్ము లేచింది. మూడోసారి ఈల వేస్తే టారిన్ అడగకుండా దిగింది. మెడ ఎత్తి ఎత్తి నాకు రాత్రిళ్ళు వెన్ను కాలిపోయేది. పాపని ఎత్తుకుంటే చెయ్యి లేచేది కాదు. అయినా పొద్దున్న ఆ కోటు తొడుక్కునేటప్పుడు నాలో ఏదో సర్దుకున్నట్టు ఉండేది. జీవితంలో మొదటిసారి భయపడటమే నా పని. భయపడకపోతే తప్పు.

బొమ్మ ఏమిటనేది కమిటీయే తేల్చింది. ఊరికి పేరు తెచ్చిన నలుగురు మగవాళ్ళు, నాలుగోవాడు మా మామగారు లెస్. ఆడవాళ్ళు ఎవరూ లేరేమని నేను వంటింట్లో అన్నాను. ఎవరిని వేస్తాం, ఒకళ్ళని వేస్తే ఇంకొకళ్ళకి కోపం అన్నాడు రాస్. మగవాళ్ళకి కోపాలు రావన్నమాట. టారిన్ గొడవ పెట్టుకోలేదు. ఈసారికి వాళ్ళడిగిందే వేస్తాను అంది. దాని గొంతులో నాకు నా గొంతు వినిపించింది.

అంత పెద్ద గోడ మీద ముఖం వేయాలంటే ముక్కు ఎక్కడ రావాలో దగ్గరినుంచి తెలియదు. దానికి వాళ్ళ పద్ధతి ఒకటుంది. ముందు గోడనిండా పిచ్చి గీతలు గీస్తారు. ఏవైనా సరే, అక్షరాలు, గుర్తులు, వస్తువులు, ఒకదానిలా ఇంకోటి ఉండకూడదు, అంతే. తర్వాత దూరంనుంచి ఫోటో తీసి ఫోన్లో దానిమీద అసలు బొమ్మ పరుస్తారు. అప్పుడు ఎడం కన్ను ఫలానా గొడుగు పక్కన, గడ్డం ఫలానా చేప కింద అని తెలిసిపోతుంది. ఆ గీతలే లేకపోతే అంత ఎత్తున మనిషికి తానెక్కడుందో తెలియదు. మొదటి రోజు టారిన్ తనకి తోచినవన్నీ గీసేసింది. తర్వాత బుట్ట అంచునుంచి వంగి, “ఇంకేం గీయమంటావే అమ్మా, నువ్వు చెప్పు” అని అరిచింది.

నాకేం తోచలేదు. ఏం కావాలని నన్ను ఎవరైనా అడిగితే నాకు ఎప్పుడూ తోచదు. కెటిలు అన్నాను. గీసింది, మనిషంత కెటిలు. బట్టల క్లిప్పు అన్నాను. చీపురు, థర్మామీటరు, ఎడం కాలి జోడు. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి, తలుపు తెరిస్తే గొర్రెలు తోసుకొచ్చినట్టు. నాన్న అమ్మేసిన గోధుమరంగు గుర్రం. బడిలో నాకొచ్చిన రిబ్బను. కడుపులోనే పోయిన పిల్లాడికి అల్లిన సాక్స్, ఒకటే అల్లాను, రెండోది అల్లలేదు. అది టారిన్‌కి నేను ఎప్పుడూ చెప్పలేదు. అది ఏం సాక్స్ అని అడగలేదు, గీసింది. చివరికి పడవ అన్నాను. సముద్రం ఎక్కడో, మేమెక్కడో. పడవ ఎందుకమ్మా అంది పైనుంచి. ఏమో, తెలీదు, పడవే అన్నాను. సాయంత్రం దూరంనుంచి చూస్తే మూడు సైలోలనిండా నా తలలోవన్నీ తలకిందులుగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి. వీటి మీదే లెస్ తాతయ్య ముఖం వస్తుంది, ఇవన్నీ లోపల ఉండిపోతాయి అంది టారిన్. నాకు నవ్వొచ్చింది. రోడ్డు మీద నిలబడి, కడుపు పట్టుకుని నవ్వాను. ఎందుకో ఇప్పుడు చెప్పలేను.

ఊరు మాత్రం నవ్వలేదు. నవ్వింది గానీ ఆ నవ్వు వేరు. బేకరీలో, పబ్బులో, పెట్రోలు బంకులో ఒకటే మాట. దీనికేనా డబ్బు వసూలు చేసింది, మా మనవడైతే ఊరికే గీసిపెట్టేవాడు. రాస్, మీ అమ్మాయి మందు కొట్టి ఎక్కిందా ఏంటి. రాస్ ఇంటికొచ్చి పేపరు అడ్డం పెట్టుకుని తినేవాడు. టారిన్ పద్ధతి అంతా ఫోన్లో చూపించి చెప్పింది. ఊఁ అన్నాడు. విన్నాడని నేననుకున్నాను. అతను ఊఁ అన్నప్పుడల్లా విన్నాడనే నేను ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను.

ఆ ఆదివారం హెటీకి జలుబు, ఊపిరి గురగురమంటోంది. ఊరికే జలుబే అన్నారు ఇద్దరూ. నేను ఊరుకోలేదు. పక్క టౌనులో ఆదివారం కూడా డాక్టరుంటాడు, తీసుకెళ్దామన్నాను. వెళ్ళేముందు రాస్, క్లబ్బు కంచె బాగుచెయ్యడానికి శ్రమదానం పెట్టుకున్నాం, మగవాళ్ళు వస్తారు, కాస్త శాండ్‌విచ్‌లు చేసిపెట్టు అన్నాడు. పాప ఒక చంకలో, వెన్న కత్తి ఒక చేతిలో. గుడ్డు ఒక రకం, మాంసం ఒక రకం, తడి గుడ్డ కప్పి పెట్టాను. డాక్టరు జలుబే అన్నాడు. తిరిగొస్తుంటే మలుపు దగ్గర టారిన్ కారు ఆపేసింది. సైలోలు తెల్లగా ఉన్నాయి.

తెల్లగా, శుభ్రంగా, మెరుస్తూ. కిందినుంచి దాదాపు పై అంచువరకూ. నా కెటిలు లేదు, గుర్రం లేదు, ఆ ఒక్క సాక్స్ లేదు. పైన అంచు దగ్గర పడవ కొన మాత్రం కొంచెం మిగిలింది. కింద మా రాస్, గ్రేమ్, ఇంకో ఐదారుగురు రోలర్లు కడుక్కుంటున్నారు. నేను చేసిన శాండ్‌విచ్‌లు తింటున్నారు. క్లబ్బులో మిగిలిన ఎనామిల్ రంగు డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. గ్రేమ్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, “నీకు పని తగ్గించాం అమ్మాయ్. ఇక శుభ్రంగా మొదలుపెట్టుకోవచ్చు” అన్నాడు. నిజంగానే మేలు చేశానని అతని నమ్మకం. రాస్ ముఖంలో పెళ్ళిరోజు నాకు రేడియో తెచ్చిచ్చినప్పటి సంతోషం ఉంది. అదే నాకు ఎక్కువ బాధ. కావాలని చేసినదైతే తిట్టొచ్చు.

టారిన్ తిట్టలేదు. గోడ దగ్గరికి వెళ్ళి గోరుతో గీరింది. ఎనామిల్ అమ్మా అంది, అంతే. నున్నటి ఎనామిల్ మీద దాని రంగు పట్టదు, పట్టినా ఎండకి పొరలుగా ఊడిపోతుంది. గోడంతా అరగదీయాలి, మళ్ళీ గీతలు గీయాలి, అప్పుడు బొమ్మ. అవతల కోత దగ్గరపడుతోంది. కోత మొదలైతే ధాన్యం లారీలు వస్తాయి, క్రేను నిలపడానికి చోటుండదు. ఇంటికొచ్చి పాపకి స్నానం చేయించి, పడుకోబెట్టి, తనూ పక్కన పడుకుంది, వెలుతురు ఉండగానే. వారం రోజులు గోడ వైపు వెళ్ళలేదు. రాస్ తలుపు దగ్గరికి వెళ్ళేవాడు, వెనక్కి వచ్చేవాడు. దానితో చెప్పు, తెలీక చేశామని అన్నాడు నాతో. నువ్వే చెప్పు అన్నాను. అతను షెడ్డులోకి వెళ్ళి ఏదో ఇనప ముక్క సానపెట్టడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాతి వారం ఒక మధ్యాహ్నం గ్రేమ్ మా ఇంటికి వచ్చాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. రాస్ అతని పక్కన కూర్చున్నాడు. టారిన్ ఎదురుగా, హెటీ దాని ఒళ్ళో చెంచా నములుతోంది. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను, ఎవరైనా వస్తే నేనుండే చోటు అదే. అప్పుడు గ్రేమ్ నా ఇంట్లో, నా కెటిలు తనే తీసుకుని, నాకు టీ పోశాడు. కూర్చో నొలీన్ అన్నాడు. పూర్తి పేరు. ఊళ్ళో నేను నోలీనే, లేదా రాస్ పెళ్ళాన్ని. పూర్తి పేరుతో పిలిచి టీ పోశాడంటే ఎవరైనా పోయారేమో అనుకున్నాను.

విషయం ఏమిటంటే, పనికి అనుమతిచ్చిన కౌన్సిల్ వాళ్ళు పని ఎందుకు ఆగిందని అడుగుతున్నారు. రేపు మనిషి వస్తాడు. శ్రమదానం సంగతి చెబితే కమిటీ పరువు పోతుంది, అనుమతి లేకుండా క్రేను ఎక్కినందుకు ఇంకా ఏదో అవుతుంది. టారిన్ తన పని పద్ధతి ముందే సరిగ్గా చెప్పలేదని రాయొచ్చు గానీ, సొంత ఊరి పిల్ల, అలా రాయడం బాగోదు. అందుకని వాళ్ళిద్దరూ కూర్చుని ఒక దారి ఆలోచించారు.

“నువ్వు కింద మనిషివి,” అన్నాడు గ్రేమ్. “నీ దగ్గర సర్టిఫికెట్టుంది. ఈ సీజనులో గాలి ఎక్కువగా ఉంది, పైకి ఎక్కడం ప్రమాదమని నాకనిపిస్తోంది అని నువ్వొక్క మాట చెబితే చాలు. దాన్ని ఎవరూ కాదనలేరు. పని ఆగిపోతుంది. ఎవరి తప్పూ ఉండదు.”

“మొదటినుంచీ నువ్వు అంటున్నదే కదా నోలీ,” అన్నాడు రాస్, మెత్తగా. “ఇన్నాళ్ళూ నీ మాట నేనే వినలేదు.”

నన్ను మెచ్చుకుంటున్నాడు. ఎన్నేళ్ళకో. గొడుగు కథలు చెప్పిన నోటితోనే.

టారిన్ పాప నోట్లోంచి చెంచా తీసి బల్ల మీద పెట్టింది. “అమ్మ అలా చెబితే నేను దిగిపోతాను,” అంది. “అమ్మ ఈల వేస్తే నేను ఎప్పుడూ దిగాను. ఇప్పుడూ దిగుతాను. నువ్వే చెప్పమ్మా, ఎక్కనా వద్దా?”

ఫ్రిజ్ మోత ఆగి, మళ్ళీ మొదలైంది. హెటీ చెంచా కోసం చెయ్యి చాపింది. గ్రేమ్ తన టోపీ అంచు సరిచేసుకున్నాడు. నేను ఏం చెబుతానో వాళ్ళిద్దరికీ తెలుసన్న ధీమా వాళ్ళ భుజాల్లో కనిపిస్తోంది. నిజం చెప్పాలంటే నాకూ అదే చెప్పాలని ఉంది. ఆ బుట్టలో నా కూతురు ఉన్న ప్రతి నిమిషం నేను దాన్ని నేల మీద పడినట్టే చూశాను. కళ్ళు మూసుకుంటే దాని ఆరెంజి కోటు పడుతూ కనిపిస్తుంది. ఒక్క మాట. ఒక్క మాటతో అది నేల మీద ఉంటుంది, రోజూ, కళ్ళెదుట, కాళ్ళు తడుపుకోకుండా, మెడ విరక్కుండా. ఏం చేస్తుంది మరి నేల మీద? ఈ బల్ల దగ్గరే కూర్చుంటుంది. ఇంకా వేస్తున్నావా అని ఎవరైనా అడిగితే, పిల్ల కాస్త పెద్దదవ్వనీ అంటుంది. తర్వాత, బడిలో వేయనీ అంటుంది. ఆ తర్వాత అడగడం మానేస్తారు. ఎవరైనా కప్పు జరిపితే టీ పోస్తుంది. అలా ఒక మనిషి పడిపోవడం కూడా నేను చూశాను, ఎత్తు లేకుండా, చప్పుడు లేకుండా, ఎవరూ ఈల వేయకుండా. ఆ మనిషి పడుతుంటే కింద నిలబడ్డవాళ్ళెవరూ లేరు. ఉన్నవాళ్ళు శాండ్‌విచ్‌లు తింటున్నారు.

గాలి సంగతి నాకు తెలుసు. ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు. తెల్లవారుజామునుంచి ఎండ చురుక్కుమనేదాకా ఇక్కడ ఆకు కదలదు. ఈ నెలంతా అంతే. ఆ వేళలో అరగదీసుకోవచ్చు, గీసుకోవచ్చు. పాపని ఆ వేళ చూసుకోవడానికి రాస్‌కి రెండు చేతులున్నాయి. బడి తుడిచే పని మధ్యాహ్నానికి మార్చమంటే హెడ్‌మాస్టరు సణుగుతాడు, సణగనీ. శనివారం స్కోన్లు క్రికెట్ వాళ్ళే చేసుకోవచ్చు, పిండికి చెయ్యి ఎవరిదైనా ఒకటే. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి నా లోపల సర్దుకుంటూ వచ్చాయి. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. దాని చోట అది కూర్చునే ఉంది, నా గుండె కింద, పాపంత బరువుగా.

టీ చల్లారింది. గ్రేమ్ గొంతు సవరించుకుని, తొందరేం లేదు నొలీన్ అన్నాడు. టారిన్ నా ముఖం వైపు చూడటం లేదు. పాప జుట్టు వేలితో దువ్వుతోంది, అలా దువ్వుతూనే ఉంది. నేను కప్పు పక్కకి జరిపాను.

“రేపు తెల్లారగట్ల ఎక్కుతున్నాం,” అన్నాను. “కౌన్సిల్ మనిషి వస్తే, గోడకి ఎనామిల్ పూసింది మీరేనని నేనే చెబుతాను. నాకు భయం ఉంది గ్రేమ్, రోజూ ఉంటుంది, రేపూ ఉంటుంది. అది నాది. మీరు చేసిందాని మీద కప్పుకోడానికి అది ఇవ్వను.”